ఆకు కొన ఎండితే ఎవర్నడగాల

నేను చేసిన పనికి మా ఊళ్లో సరైన పేరు లేదు. మా అత్త ఉన్నన్నాళ్లూ అడిగినవాళ్లందరికీ "మా కోడలు ఆకులు చూసేదానికి పోతాది" అని చెప్పేది. సగం మంది నేను తమలపాకుల వ్యాపారం చేస్తున్నాననుకున్నారు. ఒకామె అయితే కామెర్లకు ఆకుపసరు పోస్తానేమో అని తన మొగుణ్ణి తోడుకోని మా ఇంటికే వచ్చింది. ఆయనకు కాఫీ ఇచ్చి, పెద్దాసుపత్రికి దారి చెప్పి పంపించినాను.

అసలు పని ఇది. ఆఫీసుల్లో, అంగళ్లలో, ఆసుపత్రుల్లో, ఇళ్లలో గోడల మధ్య కుండీల్లో పెరిగే మొక్కలుంటాయి కదా, వాటి ఆకులు పసుపెక్కినా, మచ్చలు పడినా, కొనలు ఎండినా పోయి చూసి ఏమయిందో చెప్పాల. సోమందేపల్లె దగ్గర హైవే పక్కన ఒక నర్సరీలో ఇరవై తొమ్మిదేళ్లు ఈ పని చేసి, పోయిన సంవత్సరం మానుకున్నాను. మా నర్సరీ మొక్కలు అమ్మేది, బాడుగకు ఇచ్చేది. ఇచ్చిన మొక్కకు జబ్బు చేస్తే పోయి చూసేది నేను.

ఇప్పుడు డిప్లొమా చదివి ఈ పనిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. ఏ మచ్చకు ఏ రోగమో పట్టిక రాసియ్యమంటారు. పట్టికలు పుస్తకాల్లో ఉన్నాయి, ఫోన్లలో ఇంకా మంచివి ఉన్నాయి. నేను రాసేవి పట్టికలో పట్టని సంగతులు.

ఎత్తి చూడు

మా నర్సరీ యజమాని సంజీవప్ప. చిన్నప్పుడు బెంగళూరు బంగళాల్లో తోటమాలిగా పనిచేసి, తిరిగి వచ్చి, శెనక్కాయ వేసి వేసి విసిగిన రెండెకరాల్లో నర్సరీ పెట్టినాడు. చదువు ఐదో తరగతి. సంతకం కన్నడంలో చేసేవాడు. నవ్వు తక్కువ, మాట సూటి.

నేను పనికి అడగడానికి పోయిన దినం ఆయన నా ముందు రెండు మనీప్లాంటు కుండీలు పెట్టినాడు. రెండింటికీ కింది ఆకులు పసుపెక్కి ఉన్నాయి. ఏమయిందో చెప్పమన్నాడు. నేను కొత్తగా డిప్లొమా పాసైనదాన్ని. నత్రజని తక్కువైంటుంది, మెగ్నీషియం తక్కువైంటుంది అని పుస్తకంలోని పేర్లన్నీ వరసగా చెప్పినాను. ఆకు తిప్పి అడుగుభాగం కూడా చూసినాను. ఆయన ఓపిగ్గా అంతా విని, రెండు కుండీలనూ ఎత్తమన్నాడు. ఒకటి రాయి మాదిరి బరువుంది. ఇంకొకటి ఖాళీ డబ్బా మాదిరి లేచొచ్చింది.

"ఒకటి మునిగి చస్తాండాది, ఒకటి ఎండి చస్తాండాది. ఆకు మాత్రం రెండింటికీ ఒకటే రంగు. నువ్వు చెప్పిన మందు పోస్తే రెండూ కలిసి చస్తాయి," అన్నాడు.

పని రాదనుకుని సంచీ భుజానికేసుకున్నాను. ఆయన మరుసటి దినం నుంచి రమ్మన్నాడు. ఎందుకని అడిగితే, ఆకు అడుగుభాగం చూసినందుకు అన్నాడు. మొదటి నెలంతా నాకు ఒకటే పని, కుండీలు ఎత్తడం. నీళ్లు పోసిన దినం ఎంత బరువు, రెండో దినం ఎంత, నాలుగో దినం ఎంత అని చేతులకు నేర్పించడం. నడుము పట్టుకుపోయేది. ఆయన్ను మనసులో బాగా తిట్టుకునేదాన్ని. నెల దాటేసరికి కుండీ అంచు పట్టుకుని కొంచెం కదిలిస్తే చాలు, లోపల ఎంత తేమ ఉందో తెలిసిపోయేది.

మన సీమలో పనిచేసేవాళ్లకు ముందే ఒక మాట చెప్తాను. ఇది వానలు లేని నేల కాబట్టి మొక్కలు నీళ్లు లేక చస్తాయనుకుంటారు. బయట చేన్లో అది నిజమే. ఇంటి లోపల, నేను చూసినంతలో, నీళ్లెక్కువై చచ్చినవే ఎక్కువ. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి పెరిగిన మనిషికి ఇంట్లో కొళాయి తిప్పితే నీళ్లొచ్చే కాలం వస్తే, ఆ సంతోషం ఎవరికో ఒకరికి పంచాల కదా. పక్కనే కుండీ ఉంటుంది. పొద్దున ఒక చెంబు, పోతాపోతా ఒక చెంబు. దాన్ని తప్పని నేనెప్పుడూ అనలేకపోయినాను. ప్రేమ కొంచెం ఆపుకోమని మాత్రం చెప్పేదాన్ని.

తిప్పమ్మ చెప్పిన నిజం

ఈ మాట ఇంత ధైర్యంగా రాస్తున్నాను కానీ, నా ఉద్యోగంలో పెద్ద తప్పు ఇక్కడే చేసినాను. చేరి మూడేళ్లయింటుంది. పెనుకొండ వైపు ఒక చిన్న ఆసుపత్రికి మేము పీస్ లిల్లీ మొక్కలు ఇచ్చింటిమి. రోగులు కూర్చునే హాల్లో నాలుగు పెద్ద కుండీలు. ఆకులన్నీ వాలిపోతున్నాయని ఫోను వచ్చింది.

పోయి చూస్తే నాలుగు మొక్కలూ తల వేలాడేసినాయి. మన్ను పైభాగం ముట్టుకుంటే ఎండి గట్టిపడి ఉంది. కుండీలు సిమెంటువి, పైగా అందం కోసం ఇంకో పెద్ద తొట్లో దించినారు. నా ఒక్కదానివల్ల కదలలేదు. మధ్యాహ్నం లోపల హిందూపురం పోవాల. నీళ్లు చాలక వాలిపోయినాయని తేల్చేసినాను.

అక్కడ ఆయాగా తిప్పమ్మ అనే ఆమె ఉండేది. యాభై ఏళ్లుంటాయి. మొక్కలకు నీళ్లు పోసేది ఆమే. నేను అడగకముందే దగ్గరికొచ్చి, "నేను దినామూ పోస్తానే ఉండానమ్మా. ఒక్కదినం గూడా తప్పలేదు," అనింది. పనివాళ్లందరూ ఇట్లాగే అంటారులే అనుకున్నాను. అక్కడి పుస్తకంలో "నీళ్లు సరిగా పోయడం లేదు" అని రాసి, సంతకం పెట్టి, బస్సెక్కినాను.

వారానికి మొక్కలు చచ్చిపోయినాయని కబురొచ్చింది. ఈసారి సంజీవప్ప కూడా నాతో వచ్చినాడు. ఇద్దరం కలిసి ఒక మొక్కను పెరికినాము. వేర్లు గోధుమరంగుకు తిరిగి, జిగటపట్టి, మురికికాలువ వాసన కొట్టినాయి. అందం కోసం దించిన తొట్టికి అడుగున రంధ్రమే లేదు. పైన ఫ్యాను గాలికి మన్ను ఎండుతా ఉంది, కింద వేర్లు నీళ్లలో కుళ్లుతా ఉన్నాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి, ఎండిన మొక్కా మునిగిన మొక్కా ఒకే మాదిరి తల వాలుస్తాయి. నేను రాసిన మాట చూసి వాళ్లు రోజుకు రెండుసార్లు పోయించినారు. ఉన్న ప్రాణం కూడా పోయింది.

అంతకన్నా పెద్ద సంగతి అప్పుడు తెలిసింది. నా రాత చదివిన మేనేజరు రోగులందరి ముందూ తిప్పమ్మను పని దొంగ అన్నాడంట. ఆమెను హాలు పని నుంచి తీసి మరుగుదొడ్లు కడిగే పనికి మార్చినాడంట.

బయటికొచ్చినాక సంజీవప్ప నన్ను తిట్టలేదు. ఆ దినం ఆమె నీకేం చెప్పింది అని మాత్రం అడిగినాడు. దినామూ పోస్తానే ఉండాను అనింది, అని చెప్పినాను.

"రోగం పేరు ఆమె నోటితోనే చెప్పింది నీకు. ఇంకేం కావాల్సి ఉండె?" అన్నాడు.

ఆమె నిజం చెప్పింది. ఆ నిజంలోనే రోగం ఉంది. నేను అబద్ధమనుకుని విదిలించుకున్నాను.

కొత్త మొక్కలిచ్చేస్తే చాలదని, అదే హాల్లో, అదే మనుషుల ముందు చెప్పి రమ్మని ఆయన నన్ను లోపలికి పంపించినాడు. మేనేజరు ఇంత చిన్నదానికి ఎందుకమ్మా అన్నాడు. పుస్తకం అడిగి తీసుకుని, పాత వాక్యం కొట్టేసి, "నీళ్లు ఎక్కువైనాయి, తొట్టికి రంధ్రం లేదు, తిప్పమ్మ తప్పు ఏమీ లేదు, చూసిన మనిషి తప్పు" అని రాసి, బెంచీల మీద కూర్చున్నవాళ్లకు వినబడేటట్లు చదివినాను. ఒక ముసలాయన, పోనీలేమ్మా, డాక్టర్లు గూడా ఇంత మాట ఒప్పుకోరు అన్నాడు. అందరూ నవ్వినారు. నాకూ కొంచెం ఊపిరాడింది.

తిప్పమ్మ ఏడవలేదు, నన్ను దెప్పలేదు. "అయితే ఎన్నాళ్లకొకసారి పొయ్యాలమ్మా?" అని అడిగింది. వేలు రెండో కణుపుదాకా మన్నులో గుచ్చి, తడి తగిలితే పోయొద్దని చూపించినాను. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే అనింది. ఆమెను తిరిగి హాలు పనికి తీసుకున్నారు. కొత్తగా ఇచ్చిన మొక్కలను ఆమె పదకొండేళ్లు సాకింది. అందులో ఒక్కటీ చావలేదు. పిలకలు తీసి తన చెల్లెలి ఇంట్లో కూడా నాటింది. పండగకు నన్ను పిలిచి ఓళిగలు పెట్టి, వాటిని చూపించింది.

ఆ తర్వాత నేను ఏ పుస్తకంలోనూ మనిషి తప్పును రోగకారణంగా రాయలేదు. ఆకుకు ఏముందో రాయాల. మన్నుకు ఏముందో రాయాల. ఎవరి తప్పో మనం తేల్చేది కాదు.

ధర్మవరం నీళ్లు

ధర్మవరంలో పట్టుకు రంగులద్దే ఒక ఇంటికి పోయిన సంగతి చెప్తాను. ఆ ఇంటి కోడలు రేణుక. నడవలో ఐదు కుండీలు పెట్టుకుంది. కొత్తగా వచ్చే ప్రతి ఆకూ పసుపుగా పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిచి, వలకట్టినట్లుంది. పాత ఆకులు బాగానే ఉన్నాయి. వాళ్లత్త దిష్టి తగిలిందని ఒక్కో కుండీకి ఒక నల్లదారం కట్టింది. నేను దారాల జోలికి పోలేదు. ఇంటి పెద్దామె కట్టిన దారాన్ని విప్పమని చెప్పి ఏ మొక్కనూ బాగుచేయలేము.

కొత్త ఆకు పాలిపోయి ఈనెలు ఆకుపచ్చగా ఉంటే వేరుకు ఇనుము అందలేదని పుస్తకం చెప్తుంది. నిజమే. మన్నులో ఇనుము లేక అందలేదా, ఉండీ అందలేదా అనేది పుస్తకం చెప్పదు. నీళ్లు యాడివి అని రేణుకను అడిగినాను. ఆమె ఒక్క క్షణం అత్త వైపు చూసి, బోరు నీళ్లే అనింది. అత్త పూజగదిలోకి పోయినాక గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. పట్టుకు జిగురు పోయేదానికి సబ్బు, సోడా వేసి ఉడికిస్తారు. ఉడికించినాక జాడించిన నీళ్లు బిందెలకు బిందెలు కాలువలో పోతాయి. నీళ్లు వారానికి రెండుసార్లే వచ్చే వీధిలో అన్ని నీళ్లు పారబోయడానికి ఆమెకు మనసు రాలేదు. రెండోసారి జాడించినవి తేటగా ఉంటాయి కదా అని మొక్కలకు పోసింది. సోడా మన్నులో చేరి, ఉన్న ఇనుమును కూడా వేరుకు అందకుండా చేసింది.

అత్తకు చెప్తే కోడలిదే తప్పంటుంది. అందుకని ఇద్దరినీ కూర్చోబెట్టి, మన్ను సవుడు పట్టిందని, మార్చి మంచి నీళ్లు పోస్తే సరిపోతుందని చెప్పినాను. అందులో అబద్ధం ఏమీ లేదు. బియ్యం కడిగిన నీళ్లు పోయొచ్చు, కానీ ఉప్పు తగలనివ్వొద్దన్నాను. రెండు నెలలకు కొత్త ఆకులు నిండు పచ్చగా వచ్చినాయి. అత్త అందరికీ నల్లదారం మహిమ అని చెప్పుకుంది. రేణుక నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకొచ్చిన కష్టమేమీ లేదు. మొక్క బతికింది, ఇంట్లో గొడవ లేదు.

అదే ఊళ్లో ఒక చీరల అంగడాయన కథ వేరే. ఆకుల మీద తెల్ల మచ్చలు చూసి బూడిద తెగులని తానే తేల్చుకుని, మందు తెప్పించి కొట్టినాడు. మచ్చలు పెరిగినాయి. ఇంకా గట్టి మందు కొట్టినాడు. ఇంకా పెరిగినాయి. నేను పోయేసరికి మొక్కలు సున్నం కొట్టిన గోడల మాదిరి ఉన్నాయి. చెంగు తడిపి తుడిస్తే మచ్చ వచ్చేసింది. అసలు తెగులే లేదు. ఆకులు మెరవాలని ముందునుంచీ దినమూ బోరు నీళ్లు చిలకరించేవాడు. ఆ ఉప్పే తెల్లగా పేరింది. మందు కలిపింది కూడా అదే నీళ్లలోనే. ఆయన నా మొహం, మొక్కల మొహం మార్చి మార్చి చూసి, అయితే నేను దుడ్లు పెట్టి ఉప్పు పూసినానన్నమాట అన్నాడు. మంచి మనిషి, తనమీద తానే నవ్వుకోగలిగినాడు.

మొగమాటం లేకుండా కొన్ని మాటలు

ఫోన్లో ఫోటో పంపించి రోగం చెప్పమంటారు. చెప్పొద్దు. ఫోటోకు బరువుండదు, వాసనుండదు. పోలేని దూరమైతే ఫోటో చూసి ప్రశ్నలడగండి, జవాబు ఇయ్యద్దు.

మందు డబ్బా సంచీలో అడుగున పెట్టుకోండి, పైనుంటే చెయ్యి ముందు దానిమీదికే పోతుంది. పురుగుందేమో అని అనుమానమొస్తే తెల్ల కాగితం మీద ఆకు దులిపి చూడండి. చుక్కలు నడిస్తే పురుగు, నడవకపోతే దుమ్ము. మొక్క ఏసీ గాలికి ఎదురుగా ఉంటే రెండడుగులు పక్కకు జరిపి నెల ఆగండి. ఇదంతా రెండు దినాల్లో నేర్చుకోవచ్చు.

నాకు తెలీదు అనే మాట నేర్చుకోవడానికి మాత్రం పదేళ్లు పట్టింది. సంజీవప్ప పోయే ముందు సంవత్సరం కూడా ఒక ఆకు పట్టుకుని అరగంట చూసి, నాకు తెలీలేదు రత్నమ్మా, నీకేమన్నా తెలిసిందా అని అడిగినాడు. నాకూ తెలీలేదు. ఇద్దరం ఆ మొక్కను నీడలో పెట్టి ఊరుకున్నాము. అదే కోలుకుంది. ఎందుకో ఇప్పటికీ తెలీదు.

హాస్టలు పిల్లలు

ఇప్పుడు చెప్పేది ఆరేళ్ల కిందటి మాట. కొత్తచెరువు దాటి లోపలికి పోతే ఒక ఊళ్లో ఆడపిల్లల హాస్టలు ఉంది. వార్డెను సుజాత మేడమ్ మా దగ్గర స్పైడర్ ప్లాంట్లు కొని, పిల్లలు అన్నం తినే హాలు కిటికీల నిండా పెట్టించింది. పొడుగు సన్న ఆకులు, మధ్యలో తెల్ల గీత, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. నాలుగు నెలలకు ఆకు కొనలన్నీ ఎండి గోధుమరంగుకు తిరిగినాయని ఫోను చేసింది.

పోయి చూసినాను. ఎండ పడే కిటికీలోనూ, నీడ కిటికీలోనూ ఒకటే మాదిరి. కుండీలెత్తితే బరువు సరిగా ఉంది. వేర్లు తెల్లగా ఉన్నాయి. అవే మొక్కలు నర్సరీలో మేము పట్టిన వాననీళ్లతో బాగున్నాయి. మారింది నీళ్లొక్కటే. ఏ నీళ్లు పోస్తున్నారని అడిగితే మేడమ్ కొంచెం గర్వంగా, పిల్లలు తాగే నీళ్లే పోస్తాము, వాటికని వేరే చెడ్డ నీళ్లు పొయ్యము అనింది.

మన బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంటుందని, స్పైడర్ ప్లాంటు దాన్ని తట్టుకోలేక కొనలు మాడ్చుకుంటుందని నాకు తెలుసు. ఉప్పు ఎక్కువున్నా అట్లాగే మాడతాయని కూడా తెలుసు. ఏదని ఆలోచిస్తుంటే, కుండీలకు నీళ్లు పోసే పిల్ల దగ్గరికొచ్చింది. భార్గవి, ఎనిమిదో తరగతి. ఏదో చెప్తా నవ్వబోయి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. చెయ్యి పెట్టుకునేలోపల పళ్ల మీది గోధుమరంగు చారలు కనబడినాయి. చుట్టూ చూసినాను. ఇంకో నలుగురైదుగురికి ఉన్నాయి.

నేను మొక్కలు చూసేదాన్ని, మనుషులను కాదు. నోరు మూసుకుని పోదామని కూడా అనిపించింది. ఆఖరికి మేడమ్‌ను పక్కకు పిలిచి, ఈ నీళ్లను ఒకసారి పరీక్ష చేయించండి, మొక్కల కోసం కాదు అన్నాను. ఆమె మొహం మారిపోయింది. ఈ మాట బయటికి పోతే తల్లిదండ్రులు పిల్లలను తీసుకుపోతారు. తీసుకుపోతే చదువులుండవు, కొందరికి పెళ్లిళ్లే. ఆమె భయం అబద్ధం కాదు.

ఆమె రెండు దినాలు ఆలోచించి, మూడో దినం ఊరి ఆసుపత్రి డాక్టర్నే అడిగింది. ఆయన చెప్పినది విని నేను సిగ్గుపడినాను. పళ్ల చారలు హాస్టలు నీళ్ల వల్ల వచ్చినవి కావంట. పసితనంలో, పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో తాగిన నీళ్లలోని ఫ్లోరైడు వల్ల వస్తాయంట. అంటే ఆ పిల్లలు తమ తమ ఊళ్లనుంచే వాటిని తెచ్చుకున్నారు. ఆకును, పళ్లను చూసి నేను కట్టిన లెక్క తప్పు. అయినా పరీక్ష చేయించడం మంచిదేనని డాక్టరు అన్నాడంట. నీళ్ల శాఖ మనిషి కిట్టు తీసుకుని వచ్చి చూస్తే హాస్టలు బోరులో కూడా ఫ్లోరైడు ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంది. దారి తప్పినా చేరింది సరైన ఊరికే.

సుజాత మేడమ్ భయపడే మనిషే కానీ, నిజం తెలిసినాక ఆగే మనిషి కాదు. ఆఫీసుల చుట్టూ తిరిగింది. దాతలను పట్టుకుంది. ఎండాకాలం లోపల తాగే నీళ్లు శుద్ధిచేసే యంత్రం పెట్టించింది. నెల తర్వాత మళ్లీ ఫోను చేసి, రత్నమ్మా, యంత్రం పెట్టినాక మొక్కలు ఇంకా మాడతాండాయి అనింది. పోయి చూస్తే, యంత్రం వదిలే వ్యర్థపు నీళ్లు పారబోయడం ఎందుకని పిల్లలు వాటిని పట్టి మొక్కలకు పోస్తున్నారు. మంచి నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. పిల్లలకు ఆ మాట చెప్తే ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వినారు. ఆ నీళ్లు మరుగుదొడ్లకు మళ్లించినాము. మొక్కలకు దినానికి రెండు చెంబులు తాగే నీళ్లు కేటాయించినారు.

అసలు పని చేసింది ఆ పిల్లలే. డాక్టరు మాట విన్న దగ్గర్నుంచి భార్గవికి నిద్ర లేదంట. వాళ్ల నాయన గొర్రెలు మేపుతాడు. ఇంట్లో ఏడాదిన్నర చెల్లెలుంది. దసరా సెలవులకు ఇంటికి పోయేటప్పుడు ఎవరి ఊరి నీళ్లు వాళ్లు సీసాలో పట్టుకుని రావాలని భార్గవే అందరితో ఒప్పించింది. సెలవులయి వచ్చిన దినం వరండాలో సీసాలు బారు తీరినాయి. ఒక్కోదానికీ ఊరి పేరు రాసిన కాగితం అంటించి ఉంది. కిట్టు మనిషి ఒక్కో గాజుగొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేస్తుంటే, గులాబీ రంగు అట్లాగే ఉంటే ఆ ఊరి పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు. ఫ్లోరైడు ఎక్కువై పసుపుకు తిరిగితే గమ్మున నిలబడినారు. భార్గవి సీసా అన్నింటికన్నా పసుపైంది.

ఆ పిల్ల ఏడవలేదు. గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఆ రంగు అట్లాగే ఉంటాదా, రేపటికి పోతాదా అని అడిగింది. ఎందుకంటే, మా నాయనకు చూపించాల అనింది.

తర్వాత ఏం జరిగిందో ఆ పిల్లే చెప్పింది. మీ తాతా ఈ నీళ్లే తాగినాడు, నేనూ ఇవే తాగినాను, ఏమయింది అని వాళ్ల నాయన కసిరినాడంట. "తాత నడుము ఎందుకు వంగిపోయిందో డాక్టర్ని అడిగి వస్తావా నాయనా?" అని ఈ పిల్ల అడిగిందంట. ఆయన గొర్రెలు తోలుకుని పోయినాడంట. ఆ వారం నుంచి మండలంలోని శుద్ధినీళ్ల కేంద్రం నుంచి బండి మీద ఒక క్యాను తెచ్చేవాడు. మొదట ఇంటి మొత్తానికి కాదు, చిన్నపిల్లకు మాత్రం. రెండేళ్లకు వాళ్ల ఊళ్లోకే కేంద్రం వచ్చింది. అది ఎవరి పుణ్యమో నాకు తెలీదు. పసుపు తిరిగిన ఊళ్ల పిల్లలందరూ పంచాయతీలకు అర్జీలు రాసినారని మాత్రం తెలుసు. మేడమ్ వాటిలో అక్షరదోషాలు దిద్దింది.

పోయిన నెల భార్గవి మా ఇంటికొచ్చింది. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. వెంట చెల్లెలు హరిణి, ఏడేళ్లు దాటినాయి. ఊరికే చూసిపోదామని వచ్చినామని చెప్పింది కానీ, కూర్చోకముందే చెల్లెల్ని నా ముందుకు తోసి నోరు తెరవమంది. పాలపళ్లు ఊడి, ముందర పైన కొత్త పళ్లు రెండు వచ్చినాయి.

నేను కళ్లద్దాలు పెట్టుకుని, గడ్డం పట్టి వాకిలి వెలుతురుకు తిప్పినాను. వెడల్పాటి పళ్లు, అంచులింకా రంపం మాదిరి ఉన్నాయి. ఒక చార లేదు, ఒక మచ్చ లేదు, పొట్టు తీసిన శెనక్కాయ పప్పు మాదిరి తెల్లగా ఉన్నాయి. భార్గవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరచిపోయి నవ్వుతా ఉంది. నాకు చూసింది చాలక, ఇటు తిప్పి, అటు తిప్పి, మళ్లీ చూసినాను.

ఆ పిల్ల నోరు తెరిచిపెట్టుకునే, "అవ్వా, ఇంగ మూసేదా?" అని అడిగింది.